రైట్ అన్నరు, పోయిన

"తాతా, రికార్డింగ్ పెట్టిన. ఆ సైకిల్ అక్క నిన్ను ఎట్ల గుద్దిందో మొదటి నుంచి చెప్పు. రేపు పొద్దున నాన్న స్టేషన్‌కు పోతడంట, కాయితం రాయాలంట."

ఆ... పెట్టినవా? ఎర్ర సుక్క ఎలుగుతున్నదా? సరే. చెప్త బిడ్డా, మొదటి నుంచే చెప్త. సోమవారం పొద్దున ఆరింటికి... కాదు కాదు, సోమవారం కాదు, మంగళవారం. మీ నాయనమ్మ మంగళవారం ఒక్కపొద్దు గదా, పూజ అయ్యేదాక స్టవ్ దిక్కు పోనియ్యదు, చాయ పెట్టదు. అందుకే నేను సైకిలేస్కొని బయటికి పోయిన. ఇది గూడ రాయమను కాయితంల.

స్టేషన్‌కు పోతె ఏమైతదో తెల్సా నీకు? ఆ పిల్ల పేరు సుజాత. చర్ల దిక్కు అడివిల ఊరు. నర్సు చదువుకొని ఈడ ఖమ్మంల ఒక దవాఖానల చేరింది, మూడు నెలలే అయింది. కొత్త కొలువు. కేసు అయితే ఉంచుకుంటరా? ఉంచుకోరు. మీ నాయన గూడ అదే అంటున్నడు గదా, 'కొలువు ఊడితే గానీ తెల్వదు' అని. చూసినవా, ఇది ఉత్త నా మోచేతి తోలు లేసిన ముచ్చట కాదు.

అయితె ముందుగాల ఈ సైకిలోళ్ల సంగతి చెప్పాలె. నువ్వు ఎనిమిదింటికి లేస్తవ్, నీకేం తెల్సు. ఆరు గాకముందే బైపాస్ రోడ్డు మీద చూడాలె వీళ్లను. పది పన్నెండు మంది ఉంటరు. నెత్తి మీద పుచ్చకాయ చెక్క బోర్లించినట్టు టోపీలు, నల్లద్దాలు. ఇంక సూర్యుడే రాలె, అద్దాలెందుకో. ఒక డాక్టర్, ఇద్దరు కోచింగ్ కాలేజీ సార్లు, ఒక బంగారం షాపాయన. ఆ పిల్ల గూడ కొత్తగ వాళ్లల్ల చేరింది. వాళ్ల బట్టలతోని నాకు బాధ లేదు, ఎవరి షోకు వాళ్లది. నా బాధంత తొక్కుడు గురించి. ముగ్గురు ముగ్గురు పక్కపక్కన పోతరు, పెండ్లి ఊరేగింపు పోయినట్టు. ఎనకకెళ్లి పాలాయన హారన్ కొట్టి కొట్టి సచ్చినా జరగరు. ప్లాట్ల రేట్లు మాట్లాడుకుంట పోతరు. ఫోటో దిగాల్నంటె నడిరోడ్డు మీదనే ఆగుతరు. ఎర్ర లైటు పడితే కార్లు ఆగుతయి, లారీలు ఆగుతయి, ఆఖరికి ఆటోలు... ఆటోలు బిడ్డా, ఖమ్మం ఆటోలు! అవి గూడ ఆగుతయి. వీళ్లు మాత్రం జర అటు చూసి, జర ఇటు చూసి జారుకుంటరు. సిగ్నల్ సైకిల్‌కు కాదంట. ఒక సారును అడిగిన నేను, 'ఏం సారూ గట్ల పోతున్నరు' అని. 'ఒకసారి ఆగితే ఊపు పోతది పెద్దాయనా' అన్నడు. మరి బస్సుకు లేదా ఊపు? నేను ముప్పై ఏండ్లు బస్సుల తిరిగిన, మా ఊపు ఎవరన్న అడిగిన్రా?

మిర్చి సీజన్ల మాత్రం మార్కెట్ యార్డు దిక్కు రారు. ఒక్కపారి వచ్చిన్రు, తుమ్మి తుమ్మి పోయిన్రు. ఆ రోజు మంచిగ ఒకరెనక ఒకరు, వరుస తప్పకుండ పోయిన్రు.

అన్నిటికంటె పెద్ద లోపమేందో తెల్సా? గంట లేదు. లక్ష రూపాయల సైకిలంట, గంట లేదు. ఎందుకు లేదంటే బరువంట! గంట బరువంట బిడ్డా! పొట్ట ఇంత పెట్టుకొని... సరే, అది వద్దు, రికార్డయితున్నది.

మాది కుసుమంచి గదా. మా చిన్నప్పుడు ఆడ కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. గంటకు పావలా. కడ్డీ సందుల కాలు పెట్టి తొక్కేది మేము, సీటు అందక. ఆ దుకాణపాయన ఒంటికన్ను మనిషి, కానీ ఊరంత చూసేటోడు. చెయ్యి చూపకుండ మలిపినవని తెలిస్తే మళ్లా సైకిల్ ఇయ్యకపోయేది. నాకు పదిహేను రోజులు ఇయ్యలె. మా అమ్మ పోయి బతిమిలాడితే గంట కొట్టుడు, చెయ్యి చూపుడు, ఎనక చూసుడు, మూడూ ఆయన ముందట చేపించుకొని అప్పుడిచ్చిండు. చీకటి పడ్డంక లైటు లేకుండ దొరికినమనుకో, పోలీసాయన చక్రంల గాలి తీసేది. ఇంటిదాక నూకుకుంట పోవాలె. మా నాయన కాలంల ఇంకోటి ఉండేది, దొర గడీ ముందట సైకిల్ దిగి నడవాలె. అది మర్యాద గాదు, బయం. మా నాయన దిగిండు. నేను దిగలె. అది వేరే కథ... దాన్ల పోతే మీ నాయన వచ్చేస్తడు.

అవ్, అసలు సంగతికొస్త. నేను కండక్టర్‌గ చేసిన గదా, ఎక్కువ భద్రాచలం బండే నాది. కొత్తగూడెం, పాల్వంచ, ఆ మీద అడివి. ఇప్పుడు మీకు ఫోన్లు గీన్లు, మాకు రెండే మాటలు. హోల్డాన్ అంటే ఆగాలె. రైట్ రైట్ అంటే పోవాలె. డ్రైవర్ ఎనక్కి చూడడు బిడ్డా. ఎనక తలుపు కాడ ముసలోళ్లు ఎక్కిన్రా, పిల్లతల్లి దిగిందా, బియ్యం మూట దించిన్రా, అదంత కండక్టర్ చూడాలె. చూసి రైట్ అనాలె. నేను అన్నంక ఆయన బండి తియ్యాలె. నిద్రల గూడ రైట్ రైట్ అనేటోన్నంట నేను. మీ నాయనమ్మను అడుగు, అనంగనె ఆమె లేసి కూసునేదంట.

ఇగ మంగళవారం. నర్సరీ కాడ డివైడర్‌కు సందు ఉన్నది చూడు, ఆడికి పోయి ఎడమ అంచుకు ఆగిన. చాయ బండి ఆవల దిక్కు. దాటాలె. ఎనక చూద్దామంటే నాకు మెడ తిరగదు, ఆరు నెలల సంది పట్టేసింది. ఇది మీ నాయనకు తెల్వదు, మీ నాయనమ్మకు గూడ తెల్వదు. తెలిస్తే సైకిల్ పాత సామానోనికే. ముందే రెండుసార్లు పడ్డ గదా, 'ఇంకోసారి పడితే అమ్మేస్త' అన్నడు మీ నాయన. నాకు ఆ సైకిల్ లేకపోతే ఏమున్నది చెప్పు? టీవీ ముందట కూసుండుడు, గోళీలు మింగుడు. సైకిల్ మీద ఉన్నంతసేపు నేను ఎవలకూ పెద్దాయనను గాదు. సరే. ఎట్ల దాటుదునా అని చూస్తున్న. అంతల ఎనకకెళ్లి ఆడపిల్ల గొంతు, కంచు గొంతు, 'రైట్! రైట్!' అన్నది.

పోయిన.

అంతే బిడ్డా. చెయ్యి చూపలె, ఎనక చూడలె. ఎవలో మంచి పిల్ల, 'ఖాళీ ఉన్నది, పో తాతా' అంటున్నదనుకున్న. నిజం చెప్తున్న, సంతోషమైంది గూడ, ఈ కాలంల గూడ గిట్ల చెప్పేటోళ్లు ఉన్నరా అని. రెండు పెడళ్లు తొక్కిన్నో లేదో, కీచుమని బ్రేకు. చూస్తే ఆ పిల్ల డివైడర్ కాడ పడి ఉన్నది, సైకిల్ ఆమె మీద ఉన్నది. నేను ఇసుక కుప్ప మీద.

ఏంది గట్ల చూస్తున్నవ్? అవ్. గుద్దలె. ఆమె సైకిల్ నన్ను తాకనే లేదు. నన్ను తప్పియ్యబోయి ఆమె పడ్డది, నేను బెదిరి నా అంతట నేను పడ్డ. మీ నాయనకు నేను చెప్పింది వేరే. 'ఎనకకెళ్లి వచ్చి గుద్దింది' అని చెప్పిన. ఆపకు, ఆపకు, ఉండనీ.

దవాఖానల ఇద్దర్ని పక్కపక్క మంచాల మీద ఏసిన్రు. ఆమెకు కుడి మణికట్టు ఇరిగింది. నాకు తోలు లేసింది, అంతే. అయినా 'ముందు తాతను చూడండి' అన్నది వాళ్లతోని. చూసిన్రు, మందు రాసిన్రు. అప్పుడు నా దిక్కు మలిగి మెల్లగ అడిగింది, 'తాతా, రైట్ రైట్ అని గంత గట్టిగ అరిచిన గదా, ఇనపడలేదా?' అని.

'ఇనపడ్డది బిడ్డా. అందుకే గదా పోయిన' అన్న.

ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూసిన. వాళ్ల గ్రూపుల రైట్ అంటే 'మీ కుడి పక్కకెళ్లి నేను వస్తున్న, జరగకు' అని అర్థమంట! జరగకు అని ఆమె అంటే, పొమ్మన్నదని నేను పోయిన. నేను కండక్టర్‌నని చెప్పిన. ఇగ ఆ పిల్ల నవ్వుడు చూడాలె, ఇరిగిన చెయ్యి పట్టుకొని, కండ్లల్ల నీళ్లు కారుతుంటే నవ్వుడు. 'మా ఊరికి ఒక్కటే బస్సు తాతా, నేను గూడ రైట్ రైట్ అంటే పోవుడే అని పుట్టి పెరిగిన, ఈడికొచ్చినంక మర్చిపోయిన' అన్నది. ఎంత మంచిగ మాట్లాడుకున్నమో. మెడ సంగతి చెప్పిన, సైకిల్ అమ్ముతరని గూడ చెప్పిన.

అప్పుడు మీ నాయన వచ్చిండు. వచ్చుడు వచ్చుడే అరుసుడు. కండ్లు కనపడయా, ముసలాయన మీదికి తోలుతవా అని. నేను నోరు తెరుస్త తెరుస్త అని చూస్తున్న. ఆ పిల్ల నా దిక్కు ఒక్కసారి చూసి, తల కిందికి ఏసి, 'తప్పయింది సార్' అన్నది. నా సైకిల్ కోసం అన్నది బిడ్డా. మణికట్టు ఇరిగిన పిల్ల, నా సైకిల్ కోసం. ఇగ మీ నాయన నన్ను అడిగిండు, 'గుద్దింది గదా?' అని. నేను 'ఆ' అన్న.

ఆ 'ఆ' అన్నప్పటి సంది నాకు అన్నం పోతలేదు. మీ నాయనమ్మ మందుల వల్ల అనుకుంటున్నది.

గిట్ల ఒకసారి ముందు గూడ చేసిన నేను. ఇది ఎవలకూ చెప్పలె. యాకూబ్ అని నా డ్రైవర్, మంచి మనిషి, రంజాన్‌కు మనింటికి సేమియా పంపేటోడు, మీ నాయనకు యాదుంటది. కొలువుల చేరిన కొత్తల, పాల్వంచ దాటినంక అడివిల బస్సు ఆగే ఒక స్టేజీ. ముసలవ్వ ఒకామె ఇప్పపువ్వు గంపతోని దిగుతున్నది. నేను ఒకాయనతోని చిల్లర కాడ కొట్లాటల ఉండి, తలుపు దిక్కు చూడకుండనె రైట్ రైట్ అన్న. ఆయన బండి తీసిండు. ఆ అవ్వ కాలు ఇంక మెట్టు మీదనే ఉన్నది. పడ్డది. మడమ ఇరిగింది. ఇప్పపువ్వంత రోడ్డు మీద.

పైవాళ్లు వచ్చి అడిగిన్రు. నా కొలువు ఇంక పక్కా గాలె, తీసేస్తరని నా బయం. యాకూబ్ నన్ను చూసి, 'అద్దంల నేనే చూస్కోలె సార్' అన్నడు. రెండు నెలలు పక్కన పెట్టిన్రు ఆయనను. నేను నోరు మూసుకొని ఉన్న. ఆ అవ్వకు మళ్లా మంచిగైంది లే, మా బస్సే ఎక్కేది, ఎక్కినప్పుడల్లా 'చూసి అను కొడకా' అని నా చెవి మెలేసేది.

యాకూబ్ మాత్రం ఒక్క మాట అనలె. కానీ మళ్లా డ్యూటీకి వచ్చినంక, నేను రైట్ అంటే బండి తియ్యకపోయేది. మెడ తిప్పి, ఎనక తలుపు దాక చూసి, అప్పుడు తీసేది. పదకొండేండ్లు ఒక్క బండిల చేసినం. పదకొండేండ్లు ఒక్కసారి గూడ నా మాట మీద బండి తియ్యలె. తిట్టినా బాగుండేది. నాలుగేండ్ల కింద పోయిండు. మట్టి ఇయ్యనీకి పోయిన నేను, వాళ్ల పిల్లలు ఏడుస్తుంటే చెప్దామనుకున్న, అప్పుడు గూడ చెప్పలె.

వాళ్ల తప్పు లేదా అంటే ఉన్నది. రోడ్డు మీద అరిచే మాట రోడ్డు మీద ఉన్నోళ్లందరికి అర్థం గావాలె. కూరగాయలమ్మకు, నాకు, కుక్కకు గూడ. ఒక గంట పెట్టుకుంటే ఏం అరిగిపోతరు? ఆ గ్రూపు పెద్ద సారు, ఆ ఊపు సారే, 'రెండు నెలలు గ్రూపుల కనపడకు' అన్నడంట ఆ పిల్లను, పోయి చూసిన్రా అంటే చూడలె. ఆ సారును నేను వదల. కానీ అది వేరే, నాది వేరే. నేను చెయ్యి చూపలె. మెడ తిరగకపోతే దిగి ఒళ్లంత తిప్పి చూడొచ్చు గదా, అదీ చెయ్యలె. ఆ మీద అబద్ధం చెప్పిన.

ఆగు... బండి చప్పుడు. మీ నాయనేనా? చూడు జర కిటికీలకెళ్లి. ఆయనేనా? పోయి గేటు తియ్యి. ఫోన్‌ల ఇనిపియ్యకు, ఫోన్ అవతల పెట్టు. మూగోన్నా ఏంది నేను, ఫోన్ నా బదులు చెప్పనీకి? మంచి పిల్లవు, ఇంతసేపు ఓపికతోని ఇన్నవ్. సల్లగుండు తల్లీ, ఏ దవాఖాన మెట్టు ఎక్కకుండ నూరేండ్లు బతుకు. జల్దీ పో, తియ్యి.

శీనూ... ఇటు రారా. చెప్పులు తర్వాత ఇడువు. ఆ కాయితం రాయకు. కూసో ముందు. సైకిల్ అమ్ముతవో ఉంచుతవో నీ ఇష్టం, నేను అడగ. ఆ పిల్ల నన్ను గుద్దలేదురా. నేనే అడ్డం పోయిన.