మూడో ప్లేటు

“ఏందమ్మీ ఆ మోత? తలుపు బయటికే ఇనపడతాంది.”

“వేడిపెట్టె, సిద్ధమ్మక్కా. పరీక్ష ప్లేట్లు అయినయని మొత్తుకుంటాంది. లోపలికి రా.”

కువైట్‌లోని సులైబియాలో, కూలీల క్యాంపులకు అన్నం వండి పంపే కంపెనీ పరీక్షగది. పరీక్షలు చేసేది దేవిక. వంటింటి ఆడవాళ్లకు పెద్దదిక్కు సిద్ధమ్మ.

“మంగఫ్ క్యాంపులో వాంతులైనోళ్లు ఎట్లుండారు?”

“తేరుకుంటున్నరు. మీరు కలిపిన పెరుగన్నంలనే ఉన్నది, కంటికి ఆనని పురుగు. నువ్వు, నీ బిడ్డ, మల్లక్క, మీ ముగ్గురి చేతులు తుడిచిన దూదిపుల్లలు గూడ పరీక్షకు పెట్టిన. చూడు.”

“రెండు ప్లేట్లు ఖాళీ. ఇదేంది, మిరియాలు చల్లినట్టు నల్లగా?”

“గదే. ప్లేట్ల పోసే పురుగుల మేతల మందు కలుపుతం. మిగతా పురుగులు చస్తయి. ఇదొక్కటే తట్టుకొని నల్లగ పెరుగుతది.”

“కువైట్‌లో మన మాదిరే.”

“నవ్వకక్కా. ఇది మూడో ప్లేటు. నేను రాసిన వరుసల మూడోది మల్లక్క.”

“మల్లక్కదా...”

“యజమాని కఫీల్ ఊకోడు. ఈడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఖలాస్. ఇంటికి పంపుడే.”

“అట్లయితే రాసెయ్. నేనేం జేసేది.”

“ఇది పుండ్లల పెరిగే పురుగు. ఆమె చేతులు చూసిన. చిన్న గీత గూడ లేదు.”

“గోరుచుట్టు మానిపోయింటాది.”

“గోరుచుట్టా? నేను గోరుచుట్టు అనలేదక్కా.”

“ఊరికే అంటి.”

“పేర్లు వరుసగ రాసి, పుల్లలిచ్చి నేను ఫోన్‌కు పోయిన. వరుస నిలబెట్టింది నువ్వు.”

“మల్లక్కకు కాళ్లనొప్పి. నువ్వు ముందు కానిచ్చుకో అని మా పాపను వెనక్కి నిలబెట్టినా. అంతే.”

“కాళ్లనొప్పికేనా?”

“ఆ, దానికే.”

“మల్లక్క గూడ గదే చెప్పింది. సిద్ధమ్మ నన్ను అక్క లెక్క చూసుకుంటదని. కింద సంచి సర్దుకుంటాంది.”

“ఏడుస్తాందా?”

“లేదు. తన దుప్పటి నీ బిడ్డకిచ్చింది. చలి మొదలైతదట.”

“ఇచ్చిందా...”

“ఇచ్చింది.”

“పాప గోరుచుట్టుకు పసుపు ముద్ద కట్టినా దేవికా. జీతం కోస్తారని గ్లౌజు తొడిగి, నేనే, కలుపే ఏం గాదు అంటి. పాప వద్దమ్మా అనె. నేనే అంటి. నేనే పిలిపించుకుంటి దాన్ని ఈడికి.”

“పాప అని రాస్తే నడ్వదక్కా. పేరు జెప్పు.”

“నీకు తెల్సు గదా.”

“తెలుసు. మల్లక్క సంచి దింపాల్నంటే నీ నోటితోనే రావాలె.”

“ఆ మోత ఆపు ముందు.”

“ఆపిన.”

“రాసుకో... వెంకటేశ్వరి.”