వీరరాఘవయ్య గారి ఎక్స్‌పార్టీ

ఎక్స్‌పార్టీనా? ఆ ఫోను పక్కన పెట్టి ఇట్లా కూర్చో అక్షయా, చెప్తా. ఆ మాటని మనింట్లోకి మోసుకొచ్చింది మీ చిన్నతాత, అదే, నా మరిది వీరరాఘవయ్య. నందిగామ కోర్టులో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. చేసేది గుమాస్తాగిరీ, ఠీవి చూస్తే జడ్జిగారే లేచి కుర్చీ వేయాలి. "అది లాటిన్ వదినా! రోమన్ల భాష. ఎక్స్ అంటే నుంచి, పార్తే అంటే పక్షం. ఒక్క పక్షం మాటే విని తేల్చేయడం. ఇంగ్లీషువాడు కోర్టులతో పాటు మనకి వదిలిపోయాడు" అని ముక్కుతో చెప్పేవాడు. ఆయనకొచ్చిన లాటిన్ మొత్తం అంతే, ఆ రెండు ముక్కలు.

కోర్టులో అయితే బంట్రోతు వరండాలోకొచ్చి పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలక్కపోతే, వచ్చినవాడి మాటే విని తీర్పు. బానే ఉంది. ఈ పెద్దమనిషి దాన్ని కాపురంలో పెట్టాడమ్మా! పెళ్ళాం కమల మిరపచేలో ఉందని తెలిసే, వాకిట్లో నిలబడి, పక్కనున్న నాకే సరిగ్గా వినపడనంత మెల్లిగా "కమలాకుమారీ" అని మూడుసార్లు గొణిగేవాడు. రాలేదుగా, ఎక్స్‌పార్టీ! అట్లాగే ఆమె గేదెని కంచికచర్ల బేరగాడికి తోలించేశాడు. కీసర నుంచి పుట్టింటివాళ్ళు పెళ్ళికి అరణంగా ఇచ్చిన గేదె. ఆ ఇంట్లో 'ఇది నాది' అని కమల అనుకున్నదల్లా అదొక్కటే. సాయంత్రం వచ్చి ఖాళీ కట్టుగొయ్య చూసి, చేతిలో గడ్డిమోపు దించడం కూడా మర్చిపోయింది పిచ్చిది.

మర్నాడు ఏం చేసిందనుకున్నావ్? మొగుడి పేరు ఏనాడూ నోటితో అనని మనిషి, కొంగు బిగించి కోర్టు వరండా ఎక్కి, "వీరరాఘవయ్యా!" అని గొంతు చించుకుని మూడుసార్లు పిలిచింది. ఈయన అలవాటుకొద్దీ చంకలో కాగితాల కట్టలతో "వచ్చె వచ్చె, వస్తున్నానండీ" అని పరిగెత్తుకొచ్చాడు. చూస్తే పెళ్ళాం! "నా గేదేదండీ?" అంది, అంతే. ప్లీడర్లు పడీ పడీ నవ్వారు. వాళ్ళలో పెద్దాయనైతే "ఏమయ్యా, ఎక్స్‌పార్టీ తీర్పుని కొట్టేయించుకోవచ్చని ఇంట్లో చెప్పలేదా?" అన్నాడు. మూడోనాటికి ఆ గేదెని తనే పలుపు పట్టుకుని, లారీల మధ్య, హైవే వెంట నడిపించుకొచ్చాడు మహానుభావుడు. అది దారంతా ఆయన పంచె మీద పేడ వేసిందట, మంచి పని చేసింది.

బుద్ధొచ్చిందా అంటావా? ఆయనకా! సణుగుతూనే కన్నుమూశాడు. ఒక్కనాడు మనిషిలా మాట్లాడింది లేదు, ఒక్క...

ఏంటే ఆ నవ్వు? ఏంటీ, ఆయన లేకుండా ఇప్పుడు నేను చేస్తున్నదీ ఎక్స్‌పార్టీయేనంటావా?

చేస్తే చేశాలే. రమ్మను.