చల్లటి గది

రెండువేల ఎనిమిది, ఎండాకాలం. మదనపల్లె బస్టాండు దగ్గరి రిపేరు అంగడిలో మెకానిక్కు ల్యాప్‌టాప్ విప్పాడు. ఎదురుగా తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఒక రైతు కూర్చున్నాడు.

“లోపలంతా తెల్లపొడి ఉండాది. ఏందన్నా ఇది?”

“సున్నమప్పా. పట్టుపురుగులకు సల్లేది.”

“పురుగులింట్లో పెట్టినావా? ఫ్యాన్ బిగుసుకుపోయి బోర్డు కాలిపోయిండాది.”

“దీనికి వేడి తగలనీయొద్దని చెప్పి మా పాప పరీక్షకు పోయినాది. తడి గోనెపట్టలు కట్టి సల్లగా పెట్టుకునేది ఆ గదొక్కటే.”

“పాప దీంట్లో రాసుకున్నేది భద్రంగా ఉండాదిలే. బోర్డు మార్చాల. ఈసారన్నా మీరుండే గదిలో పెట్టు.”

“అది రేకులిల్లప్పా. మేమే తట్టుకోలేక బయట పండుకుంటాండాము.”