గాలి పడని జీవాలు

ఏటడిగావు వినోదూ? గ్లోరీ మేడం ఎవులనా? కూకో, సెప్తాను. మిషను కాంపౌండులో జ్ఞానానందం పంతులుగారని ఉండీవోరు, ఆయన కూతురు. పశువుల కాలేజీలో సదువు సెప్పీది. ఉప్పుడు నేదులే, పోయి ఏళ్లయిపోనాది. హుద్‌హుద్ గాలివాన గ్యాపకముందా? నువ్వప్పుడు విశాపట్నంలో సదువుతుండీవోడివి. గడ్డిమేట్లు తడిసి కుళ్లిపోనాయి. పశువులికి ఏటి పెడతాం? గట్ల మీది సుబాబుల్ రొట్ట కోసి పడీసీవోళ్లం. అది కాసింతయితే బలం, రోజూ అదే అయితే విసం. ఊళ్లో పశువులకి తోకెంటికలు రాలిపోనాయి, నోట్లోంచి సొంగ, మేత ముట్టవు. దాలమ్మ ఆవయితే పడుకున్నది లెగనేదు. మగడు పోయాక ఆ పాలమీదే కదా దాని బతుకు. మా ఎర్రావు మాత్రం అదే రొట్ట తిని నిగనిగలాడతా నిలబడీది. "జోగయ్యేదో దొంగమందెడతన్నాడ్రా" అని ఊరంతా నామీద అనుమానం. ఆ మాటే ఆ నోటా ఈ నోటా పడి, ఎస్.కోట సంత దాటి, ఆయమ్మ సెవికెల్లింది.

వచ్చినాది. మా ఎర్రావు నోట్లోంచి పొట్టలోకి గొట్టమేసి పసరు లాగినాది. కంపు బాబూ, నాకే తల తిరిగింది. ఆయమ్మయితే గుమ్మపాలు పట్టినట్టు పట్టి, ప్లాస్కులో అంచుదాకా పోసి మూత బిగించీసింది. అంత కంగారేటమ్మా అన్నాను. "గాలి తగిలితే చచ్చిపోతాయి బాబాయ్" అన్నాది. ఏటి సచ్చిపోతాయమ్మా? "కంటికి కనపడని జీవాలు. మీ ఆవు తిన్న విషాన్ని విరిచేది దాని పొట్టలో ఉన్న ఏదో ఒక జాతి. మనకి ఊపిరేదో దానికదే విషం." నాను నమ్మనేదు. మరి గాలి నేకుండా బతికే పేణి ఉంతాదేటి? సేప కూడా నీళ్లలో గాలే కదా పీలుస్తాది.

అదే పసరు దాలమ్మ ఆవుక్కూడా గొట్టంతో పట్టించినాది. కొన్నాళ్లకి లెగిసి మేతకెల్లింది. దాలమ్మ కాళ్లమీద పడబోయి, "మీ ఏసుబాబు మైమా తల్లీ" అంటే, ఆయమ్మ నవ్వి, "ఆయనదే. జోగయ్య బాబాయ్ ఆవుది కూడానూ" అన్నాది.

ఆవు లెగిసింది కదా, ఇంకేటి కావాలి అంతావు. నానూ అదే అడిగాను. ఆ పసరులో లెక్కలేనన్ని రకాలుంతాయంట, విసం విరిసీదేదో తెలవాలంట. పైడితల్లమ్మ సిరిమానుకి ఇజీనారంలో జనాన్ని సూసావు కదా, మొకం తెలీని ఒక్క మనిసిని అందులో ఎతికినట్టు ఎతికినాది. గాలి దూరని గాజుపెట్టిలో రబ్బరు తొడుగులతో సేతులెట్టి పెంచీది. పెంచినివి పెంచినట్టే సచ్చిపోయీవి. మల్లీ జీపు, మల్లీ గొట్టం. మజ్జిలో ఆయమ్మకే జబ్బు సేసినాది, కేన్సరు. తలకి గుడ్డ సుట్టుకుని వచ్చీది. ఇంటికాడ పడుకోరాదామ్మా అంటే, "ఈసారి పెరిగేలా ఉంది బాబాయ్" అనీది.

పెరిగినాది. నన్ను కాలేజీకి తీసికెల్లి సిన్నవి పెద్దగా కనపడీ అద్దంలో సూపించినాది. ఒంటికన్ను మూసి సూసాను. సన్న పుల్లల్లాగ, వొంకరగా, కదులుతన్నాయిరా. మా సాలలో ఆవు పొట్టలో, ఎన్ని తరాలనించో, పేరు నేకుండా, ఎవులూ సూడకుండా బతికీసినాయి. సూత్తుండగానే ఒకోటీ నెమ్మదించి ఆగిపోనాయి. "గాలి తగిలింది" అన్నాది ఎనకనించి, సిన్నగా. నాకు ఊపిరి తియ్యడానికే బయమేసింది.

మరుసటేడు మేడం పోనాది. ఆయమ్మ దగ్గర సదువుకున్న షాలిని అనీ పిల్ల వచ్చి సెప్పింది, అది కొత్త జాతేనని పైనోళ్లందరూ ఒప్పుకున్నారని. మన దేశంలో ఒకచోటా, పరదేశంలో ఒకచోటా గాజు గొట్టాల్లో మూసి, గడ్డకట్టీ సలిలో దాసారంట. మన మనవలు తీసి మేతేసినా లెగుస్తాదంట. ఎర్రావూ ముసలిదయి పోనాది. మేడాన్ని మిషను సమాదుల్లో పెట్టారు, నానూ పిడికెడు మట్టేసాను. అది మాత్రం ఉన్నాదిరా. ఎక్కడో సలిలో, నిద్దరోతా…

ఆ గొడుగిలా తే, సినుకులు పడతన్నాయి.