ఆఖరి పేజీ టీచరమ్మ

ఏంటమ్మా, ఇందాకటి నుంచీ ఆ కంప్యూటర్ ముందు కూచుని ఒకటే నిట్టూరుస్తున్నావు? పట్టడం లేదా? ఏది పట్టడం లేదు? ఓహో, స్కూలు వార్తలా! అవునవును, టర్మ్ అయిపోతోందిగా. ఇంకా వేస్తున్నారన్నమాట. బాగుంది. రంగుల్లో కూడానా? చూశావా మరి, మా రోజుల్లో ఉన్నది ఒకటే రంగు, అదీ సగం మా చొక్కాలకే అంటుకునేది. ఒక్క లైను తీసేస్తే సరిపోతుందా? ఊఁ, తీసెయ్యి అయితే, నన్నడగడం ఎందుకు... ఆగు, ఆగాగు. ముట్టుకోకు. కాసేపు అది అలా వదిలేసి ఇలా వచ్చి కూచో. నీకు ఆఖరి పేజీ టీచరమ్మ గురించి ఎప్పుడూ చెప్పలేదు కదూ? ఎవరికీ చెప్పలేదులే. మీ నానమ్మకి కూడా సగమే తెలుసు.

ఆవిడ కుట్టు టీచరు. నేను అదే హైస్కూల్లో టైపిస్టుని. కుట్టు టీచరంటే స్టాఫ్ రూములో ఎవరికీ లెక్క ఉండేది కాదు, లెక్కల మాస్టారైతే "మీకేమండీ, సూదీ దారం" అనేవాడు. ఆయన చొక్కా గుండీ ఊడితే మాత్రం ఆవిడ గదికే పరిగెత్తేవాడు. పొట్టిగా ఉండేది, మెళ్ళో కొలత టేపు వేసుకునే బడంతా తిరిగేది. ప్రతి టర్మ్ ఆఖర్న మేం నాలుగు పేజీల వార్తలు వేసేవాళ్ళం. మొదటి పేజీ హెడ్మాస్టరుది. ఎంతమంది పాసయ్యారు, తనిఖీకి ఎవరొచ్చారు, వచ్చి ఎంత సంతోషించారు. ఎప్పుడూ సంతోషించడమే, ఒక్కరైనా మొహం మాడ్చుకుని వెళ్ళినట్టు నేను టైపు చెయ్యలేదు. రెండోది డ్రిల్లు మాస్టారిది, పరుగుపందేలూ కప్పులూ. మూడోది నాటకాలూ, బొమ్మల పోటీలూ. ఇంక నాలుగోది ఆవిడది. దానికి పేరు కూడా పెట్టింది, "ఇంకా ఏమిటంటే" అని. పిల్లలు పేపరు చేతికి రాగానే తిరగేసి ముందు అదే చదివేవాళ్ళు. హెడ్మాస్టరు అది గమనించేవాడు, పైకేమీ అనేవాడు కాదు.

అందులో ఏముండేదంటావా? ఏముంటుంది, ఏమీ ఉండదు. "ఏడో తరగతిలో రోజూ ఆలస్యంగా వచ్చే అబ్బాయి మొన్న గురువారం అందరికంటే ముందొచ్చాడు. ఆ రోజు సెలవని తర్వాత తెలిసింది." ఇలాంటివి. "ఆరో తరగతి అమ్మాయి ఒకర్తి లైబ్రరీ పుస్తకం వానలో తడిస్తే రాత్రంతా ఒక్కో పేజీ మధ్య కాగితం పెట్టి ఆరబెట్టి తెచ్చింది, ఇప్పుడా పుస్తకం రెండింతలు లావుంది." పేర్లతో సహా రాసేది. నేను టైపు చేస్తూ నవ్వుకునేవాణ్ణి. నవ్వితే వేలు తప్పేది. వేలు తప్పిందంటే ఇంక చూసుకో, అది మామూలు కాగితం కాదు, స్టెన్సిల్. మైనం పూసిన కాగితం అన్నమాట. మిషన్ లోంచి రిబ్బను తప్పించి కొడితే అక్షరం దాని మీద చిల్లు పడుతుంది, తర్వాత సైక్లోస్టైల్ మిషన్‌కి తగిలించి పిడి తిప్పితే ఆ చిల్లుల్లోంచి ఇంకు దిగుతుంది. తప్పు కొడితే గులాబీ రంగు మందు ఒకటి ఉండేది, అది పూసి, ఊది, ఆరాక మళ్ళీ కొట్టాలి. తల ప్రాణం తోకకొచ్చేది. నీలాగా ఒక మీట నొక్కితే లైను మాయమైపోయే సుఖం మాకెక్కడిది?

ఏమంటున్నానూ... ఆ, ఆవిడ పద్ధతి. ఆవిడకో పద్ధతుండేది. ఆ బడిలో చేరి, ఐదేళ్ళు చదివి, గేటు దాటి పోయే ఏ పిల్లకైనా, ఏ పిల్లాడికైనా ఒక్కసారి ఆ పేజీలో పేరు పడి తీరాలి. ఎవరూ చెయ్యమనలేదు, తనే పెట్టుకుంది. ఫస్టు వచ్చేవాళ్ళ పేర్లు మొదటి పేజీలో పడతాయి, పరిగెత్తేవాళ్ళవి రెండో పేజీలో, పాడేవాళ్ళవి మూడో పేజీలో. మరి ఏదీ చెయ్యని వాళ్ళో? "వాళ్ళూ ఐదేళ్ళు వచ్చారు కదండీ" అనేది. అంతే, అదే ఆవిడ వాదన. క్లాసు హాజరు పట్టీలు నా దగ్గర తీసుకుని, ఎవరి పేరు పడిందో వాళ్ళ పక్కన నీలం పెన్సిల్‌తో చుక్క పెట్టుకునేది. చుక్క లేనివాళ్ళ వెంట పడేది. వెంటపడి ఏదో ఒకటి పట్టుకునేది. ఉత్తుత్తి పొగడ్తలు రాయడం మాత్రం ఒప్పుకునేది కాదు. నిజంగా చేసింది అయ్యుండాలి.

అట్లా ఒక ఏడాది ఆఖరి టర్మ్‌లో పదో తరగతిలో ఒకే ఒక్క పేరు మిగిలిపోయింది. బజారు చివర తాళాలు బాగుచేసే ఆయన ఉండేవాడు, ఆయన కూతురు. ఆ పిల్ల ఉందన్న సంగతే ఎవరికీ తెలీదమ్మా! టీచరమ్మ అందర్నీ అడుగుతూ తిరిగింది. లెక్కల మాస్టారు "ఎవరూ, ఆ పిల్లా? పాసవుతుందండీ" అన్నాడు. డ్రిల్లు మాస్టారు చాలాసేపు బుర్ర గోక్కుని "లైన్లో నుంచుంటుందండీ, బాగానే నుంచుంటుంది" అన్నాడు. ఇంగ్లీషు టీచరైతే ఇంకో అమ్మాయిని చూపించి ఈ పిల్లే అంది. ఇంకో వారమే ఉంది. టీచరమ్మ నా గదికొచ్చి కుర్చీలో కూలబడి, "ఏమీ దొరకడం లేదండీ, నాకే కళ్ళు లేవో ఏమో" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు విచిత్రంగా అనిపించింది. ఒక్క పిల్ల పేరు పడకపోతే కొంపలు మునుగుతాయా అనుకున్నా. అనుకున్నాను, అన్లేదు.

తర్వాత రెండ్రోజులకి దొరికింది. ఆ పిల్ల జామెట్రీ బాక్సులో వృత్తలేఖినికి బదులు చిన్న స్క్రూడ్రైవరు ఉందిట! ఇదేంటే అని బతిమాలితే చెప్పిందిట. మా బడిలో ఆడపిల్లల వైపు తలుపు గడియలూ, కిటికీ రెక్కలూ, బల్లల మూతలూ ఉండేవి కదా, అవి ఊడిపోతే తెల్లారేసరికి వాటంతట అవే బాగైపోయేవి. మేం ప్యూను చేస్తున్నాడనుకున్నాం, ప్యూను వడ్రంగిని పిలిపిస్తున్నామనుకున్నాడు. అదంతా ఈ పిల్ల పని! ఆరో తరగతి నుంచీ అట. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరికీ చెప్పలేదు. "ఊడి వేలాడుతుంటే చూళ్ళేను టీచర్" అందిట. మా టీచరమ్మ ఆ రోజు పరిగెత్తుకుంటూ వచ్చింది, మెళ్ళో టేపు ఎగురుతోంది. "దొరికిందండీ! ఇంతకంటే మంచి వార్త ఈ పేజీలో ఎప్పుడైనా వేశామా?" అని. నాలుగు ముక్కల్లో రాసి ఇచ్చింది. "ఐదేళ్ళుగా మన బడిలో ఊడిన ప్రతి గడియనీ బిగిస్తూ వచ్చింది పదో తరగతి అమ్మాయి. మనం వేసుకున్న తలుపులన్నీ ఈమె చలవే." దాంతోపాటు ఆ పిల్ల పేరు.

ఆ లైను అచ్చు కాలేదు.

జాగా చాల్లేదు. స్టెన్సిల్‌కి కింద గీత ఉంటుంది, అది దాటితే ఇంకు పడదు, ముద్దైపోతుంది. ఆవిడకీ అదే చెప్పాను, "జాగా లేదండీ" అని. ఏళ్ళ తరబడి అదే చెప్పుకున్నాను, నాకు నేను కూడా. మీ నానమ్మకీ అంతవరకే తెలుసు. కానీ... ఇదిగో, నీకు చెప్తున్నాను, మీ నాన్నకి మాత్రం చెప్పకు. జాగా ఉంది. ఆవిడ రాసిచ్చినవన్నీ సరిగ్గా పట్టేవి. నేనే ఒకటి ఎక్కువ కొట్టాను. మీ నాన్న అప్పుడు అదే బళ్ళో ఎనిమిదో తరగతి. నిదానం సైకిలు పందెంలో మూడో స్థానం వచ్చింది. నవ్వకు, వచ్చింది. ఆడిందే నలుగురు, అందులో ఒకడు విజిలు వెయ్యకముందే పడ్డాడు, అది వేరే సంగతి. డ్రిల్లు మాస్టారు మొదటి ఇద్దరి పేర్లే ఇచ్చాడు. ఇంటికొస్తే వీడు అన్నం ముందు కూచుని మొహం గంటు పెట్టుకుని, "అందరి పేర్లూ నువ్వే కొడతావు, నాది కొట్టవు" అని. మీ నానమ్మేమో, "ఊళ్ళో పిల్లలందరి మీదా ఉన్న ప్రేమ కన్నకొడుకు మీద లేదు" అని సన్నాయి నొక్కులు. వాడి పేరు అంతకుముందే ఒకసారి పడింది తెలుసా, ఆవిడే రాసింది, దొరికిన గొడుగు తిరిగిచ్చాడని. అయినా సరే, మర్నాడు పొద్దున్న గదిలో ఎవరూ లేరు, స్టెన్సిల్ మీద ఒక్క లైను మిగిలుంది. వేళ్ళు కొట్టేశాయి. వేళ్ళేమిటిలే, నేనే కొట్టాను. తాళాలాయన కూతురు వచ్చి అడుగుతుందా ఏంటి, అనుకున్నాను. ఆ పిల్ల దేనికీ అడిగే రకం కాదుగా.

ఆఖరి రోజు పొద్దున్నే మూడువందల అరవై కాపీలు తిప్పి కట్ట కట్టాను. పన్నెండింటికి పిల్లలకి పంచాలి, ఒంటిగంటకి బడి మూసేస్తారు, పదో తరగతి వాళ్ళు మళ్ళీ ఆ గేటు తొక్కరు. పదింటికి ఆవిడొచ్చి పైకాపీ తీసింది. నిలబడే చదివింది. వేలు లైను లైనుకీ దింపుకుంటూ వచ్చి, ఒక చోట ఆగింది. సైకిలు లైను దగ్గర. అది ఆవిడ రాసింది కాదు కదా! ఏమంటుందో అని చూస్తున్నాను. సైకిలు ఊసే ఎత్తలేదు. "ఆ అమ్మాయిది పడలేదండీ" అంది. "జాగా లేదండీ" అన్నాను. "ఊఁ" అని కట్టంతా చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. కుట్టు గదిలో బట్టలు కత్తిరించే పెద్ద బల్ల మీద పరుచుకుని, మార్జిన్లో చేత్తో రాయడం మొదలెట్టింది. మూడువందల అరవై! నేను కిటికీలోంచి చూశాను. డ్రిల్లు మాస్టారు వచ్చి "ఏంటండీ, ఇంపొజిషనా?" అని వేళాకోళమాడి, సంగతి విని, తనూ ఒక కలం పట్టుకుని కూచున్నాడు. ఆయన దస్తూరీ కోడి గీతలు. ఇంగ్లీషు టీచరు వచ్చింది. లెక్కల మాస్టారు కూడా వచ్చాడు. పన్నెండు దాటి పదినిమిషాలకి రాయడం అయిపోయింది. నేను వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాను?

పిల్ల పేపరు తీసుకుంది, తిరగేసింది, చదివింది. మళ్ళీ చదివింది. అందరూ వెళ్ళాక టీచరమ్మ దగ్గరికొచ్చి, "ఇంకొకటి ఉంటే ఇస్తారా టీచర్, మా నాన్నకి" అంది. చాలా ఏళ్ళు ఆ తాళాల కొట్లో గోడకి ఉండేదది, అద్దం కట్టించి మరీ. నాకు తెలుసు, ఒకసారి చూశాను. ఆ తర్వాత తాళం పాడైతే వేరే వీధికి వెళ్ళేవాణ్ణి.

హెడ్మాస్టరు మాత్రం మండిపడ్డాడు. "ఇవి స్కూలు వార్తలా, గోడ మీద రాతలా? రేపు ఆఫీసరుగారికి ఈ గీతలే పంపాలా? ఎవరిదండీ ఈ తప్పు?" అని కేకలేశాడు. నన్నూ పిలిపించాడు, ఆవిణ్ణీ పిలిపించాడు. నేను నోరు తెరిచేలోపు... అబద్ధం, నేను నోరు తెరవలేదు. ఆవిడే అంది, "నేనే ఆ లైను ఇవ్వడం మర్చిపోయానండీ. ఆయన తప్పేం లేదు" అని. నేనక్కడే ఫైలు పట్టుకుని నిలబడ్డాను. ఒక్క ముక్క అంటే అయిపోయేది కదా! హెడ్మాస్టరు ఎప్పట్నుంచి సాకు కోసం చూస్తున్నాడో మరి, "అయితే వచ్చే టర్మ్ నుంచి ఆ పేజీ వద్దు, సెలవుల తేదీలు వేద్దాం" అన్నాడు. అంతే. పోయింది ఆ పేజీ. సెలవుల తేదీలు నేనే కొట్టాను, ఏడు టర్మ్‌లు. ఆ తర్వాత ఎంతమంది పిల్లలు గేటు దాటి పోయారో, ఎవరి పేరూ ఎక్కడా పడకుండా. నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టే ధైర్యం లేదు. ఆవిడ ఇంకో బడికి బదిలీ అయి వెళ్ళింది, పోయి కూడా చాలా ఏళ్ళయింది. వెళ్ళి చెప్దాం చెప్దాం అనుకుంటూనే ఉన్నాను.

ఆ రోజు హెడ్మాస్టరు గదిలోంచి బయటికొచ్చాక వరండాలో ఇద్దరం పక్కపక్కనే నడిచాం. తిడుతుందనుకున్నా. తిట్టినా బాగుండేదమ్మా. మెట్ల దగ్గర ఆగింది. చేతికంతా ఇంకు. వెటకారం లేదు, నేను మొహమంతా వెతికాను, ఎక్కడా లేదు. "మీ అబ్బాయికి సైకిలు పందెంలో మూడో స్థానం వచ్చిందటగా, సంతోషమండీ. నాకు ముందే చెప్పుంటే నేనే రాసేదాన్ని కదా. రెండు లైన్లు కుదించుకుంటే రెండూ పట్టేవి" అంది.

రెండూ పట్టేవిట.

... ఏం లేదు. ఏం లేదులే. ఆ కిటికీ రెక్క వెయ్యి, గాలి కొడుతోంది.