నూకాలు మెడెక్కిన జెర్రిపోతు పిల్ల

నూకాలని మేదరోళ్ల పిల్ల ఉండేదంట. బుట్టలు కొనడానికొచ్చిన పాములోళ్ల కుర్రోడు పైడయ్య మీద మనసుపడి, ఆడినే మనువాడేసింది. ఆడి తల్లి బంగారికి కడుపు మండిపోయింది. మండదేటి మరి, తమ్ముడి కూతుర్ని కోడలుగా తెచ్చుకుందావని ఎప్పట్నుంచో కాసుక్కూకుంది కదా. ఇంకోటేటంటే, ఆళ్లింట్లో ఓ ఆనవాయితీ ఉందనుకోండి. కొత్త కోడలికి ఓ జెర్రిపోతు పిల్లనిస్తారు. ఇసం లేనిదేలే, బయపడకండి. జాతరనాడు కులపెద్దల ముందు అది తనంతట తానే కోడలి సేతిమీంచి మెడమీదకెక్కాలి. పట్టుకుని మెడలో ఏసుకుంటే సెల్లదు. ఎక్కలేదా, ఆ పిల్లని పుట్టింటికి పంపేస్తారు, అంతే.

నూకాలుకిచ్చిన పాముపిల్ల ఉంది సూశారూ, అబ్బో, ఒట్టి పిరికిది. మనిషి నీడ పడితే సాలు, సుట్ట సుట్టుకుని బుస్సుమనేది. సెయ్యెడితే సటుక్కున కరిసేది. బంగారేమో రోజూ, ముందు పెద్దపాములకి ఎలకపిల్లల్నెయ్యవే, ఆనక నీ పిల్లని సూసుకుందువుగాని అనేదంట. ఎంత పేమో సూడండి. నూకాలు పాపం, ఎలకల్నేసిన సేత్తోనే బుట్టలో సెయ్యెట్టేది, కరిపించుకునేది, గుడిసెనకాలకెల్లి ఏడిసేది. పైడయ్య తల్లికి ఎదురు సెప్పలేక, పక్కన కూకుని ఆడూ ఏడిసేవోడు. నవ్వకండెహె.

ఏటైందంటే, ఓ రోజు నూకాలు తానం సేసొచ్చి, ఎలకల జోలికెల్లకుండా తిన్నగా బుట్టలో సెయ్యెట్టింది. కరవలేదు. నాలికాడించి ఊరుకుంది. నూకాలు సెయ్యి ముక్కుకాడెట్టుకుని వాసన సూసుకుంది, ఎలక కంపు లేదు. అప్పుడర్తమైందంట అత్త పేమ. పోనీ తిట్టిందా అంటే, అబ్బే. మేదరోళ్ల పిల్ల కదా, యెలుతురు సొరబడకుండా ఒత్తుగా ఓ బుట్ట అల్లి, తన పాత సీరముక్క పరిసి, పిల్లని అందులోకి మార్సింది. రోజూ ఎలకల్నేశాక బూడిదెట్టి సేతులు తోముకునేది. అరసెయ్యి ఎల్లకిలా బుట్టలో పరిసి, కదలకుండా కూకునేది. పైనుంచి సెయ్యొస్తే గద్దనుకుంటది కదా మరి. కొన్నాళ్లకి ఆ పిల్ల అరసేతిలోకొచ్చింది, ఇంకొన్నాళ్లకి మోసేతిదాకా పాకింది. ఈ సంగతి నూకాలు ఎవరికీ సెప్పలేదు, మొగుడిక్కూడా.

జాతరొచ్చింది. పెద్దలు కూకున్నారు. బంగారి ఎలకల కుండట్టుకొచ్చి, ముందు నాగుపాముని మేపమంది. నూకాలు నెమ్మదిగా అందంట కదా, "ఇయ్యాల నువ్వు మేపు అత్తా. నాను సేతులు కడుక్కున్నాను."

అందరూ సూస్తన్నారు, ఏం సేస్తది, మేపింది. నూకాలు బుట్ట మూత తీసి సెయ్యి పరిసింది. పిల్ల తల బయటెట్టింది, మల్లీ లోపలికి లాగేసుకుంది. పైడయ్యకి పేనాలు పోయాయి. నూకాలు మాత్రం ఏలు కూడా కదపలేదు. కాసేపటికి అది మల్లీ వొచ్చి, అరసెయ్యెక్కి, మోసెయ్యెక్కి, బుజమెక్కి, మెడ సుట్టూ తిరిగి జడకింద దూరి ఆయిగా కూకుంది. సెబాసు కోడలా అన్నారు పెద్దలు. పైడయ్య గెంతులే గెంతులు. బంగారి ఊరుకోవచ్చా, ఊరుకోలేదు. ఇదేదో మందు రాసుకుందని, జడకింద సెయ్యెట్టింది. ఎలకల్నేసిన సెయ్యి. అది ఏలు కరిసి ఒగ్గలేదు.

ఇడిపించింది మల్లీ నూకాలే. ఏలు కడిగి, పసుపెట్టి, కట్టు కూడా కట్టిందంట. ఆ రోజునుంచి బంగారి, తమ్ముడి కూతురి మాటెత్తితే ఒట్టు. సరే, లెగండి, బువ్వ తినే యేలైంది. సేతులు మట్టుకు కడుక్కుని కూకోండి.