ఆదివారం గోల

ఆదివారం మధ్యాహ్నం. ఐర్లాండులోని గాల్వే నుంచి నూలా ఫోన్ చేసింది, ఇటలీలో రొమాన్యా కొండల మీద ఒక పల్లెలో ఉండే ఎర్సీలియాకి. నిరుడు ఆమె ఇంట్లో నాలుగు నెలలుండి వంట నేర్చుకుని వెళ్ళింది నూలా.

“...లేదు పెద్దమ్మా, పనేం లేదు. ఊరికే చేశాను.”

“భోజనాల వేళకి ఊరికే ఫోన్ చేస్తారటే నూలా? నేను నేర్పింది ఇదేనా?”

“కావాలనే ఈ వేళకి చేశాను. ఫోను బల్లమీద పెట్టు. నువ్వేం మాట్లాడక్కర్లేదు. కాసేపు మీ గోల వింటాను.”

“గోలా? ఏం గోల?”

“ఆదివారం గోల! నీ పెద్దకొడుకు ఒరెస్తే పులుసులో ఉప్పు లేదంటాడు. దీనో, అన్నయ్యకి నాలుకే లేదంటాడు. పిల్లలు బల్లకింద దూరి కుక్కకి మాంసం పెడుతుంటారు. నువ్వు అందర్నీ కలిపి తిడతావు. నాకది కావాలి. ఇక్కడ హోటల్లో ఊరందరికీ వండిపెట్టి, గదికొచ్చి కిటికీ దగ్గర నిలబడి తింటున్నాను.”

“నిలబడా! నిలబడి తినేవి గుర్రాలే.”

“చూశావా, ఆ మాట అనే మనిషి కూడా లేదు ఇక్కడ.”

“అదేంటే, సముద్రం పక్కన ఊరు, బోలెడు సందడి అని చెప్పేదానివి...”

“మాట మార్చకు. ఫోను బల్లమీద పెట్టు.”

“ఇంకా రాలేదు వాళ్ళు.”

“అక్కడ ఒంటిగంట దాటిందిగా!”

“అంటే, వచ్చారు. బయట ఉన్నారు. దీనో కొత్త కారు కొన్నాడు, అందరూ దాని చుట్టూ చేరారు.”

“ఒరెస్తేని ఒక్కసారి పిలువు.”

“చేతులు కడుక్కుంటున్నాడు.”

“ఇప్పుడేగా కారు చూస్తున్నాడన్నావు?”

“చూసొచ్చి కడుక్కుంటున్నాడు! నువ్వేమన్నా పోలీసువా?”

“సరే, సరే. పెద్దమ్మా, ఒకటి అడుగుతాను. ఆగస్టులో టమాటాలు ఉడికించి సీసాల్లో పోసేటప్పుడు నేను రానా? సెలవు ఇస్తామన్నారు. ఆ పైగది చాలు నాకు.”

“పైగది కురుస్తోంది.”

“గిన్నె పెట్టుకుంటాను.”

“ఈ ఏడు టమాటాలు వెయ్యట్లేదు.”

“నువ్వా? నువ్వు టమాటాలు వెయ్యవా?”

“మోకాళ్ళ నొప్పులే.”

“రావద్దంటున్నావు.”

“నేనలా అన్నానా?”

“అనలేదు. పైకప్పు చేతా మోకాళ్ళ చేతా అనిపిస్తున్నావు. నాకు ఇక్కడ ఊపిరాడట్లేదు పెద్దమ్మా. నీ వెనకాల నడుస్తూ దారి పక్కన ఆకుకూర కోసుకోవడం, ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ నూలా, నూలా అని అరవడం... ఇక్కడ వంటింట్లో నన్ను ‘పాస్తా’ అని పిలుస్తారు. ‘పాస్తా, తొందరగా!’ అని. పేరు కూడా అక్కర్లేదు వాళ్ళకి.”

“ఏడవకే. ఏడవకు. ముందు తిను. పాస్తాకి పిండి కలిపావా?”

“కలిపాను. మనిషికో గుడ్డు అన్నావుగా, ఒక్క గుడ్డు వేశాను. నువ్విచ్చిన పొడుగు అప్పడాల కర్ర కింద ఆ ముద్ద ఎటూ కాకుండా దొర్లుతోంది.”

“ఒక్క గుడ్డుకి అంత కర్ర ఎందుకే పిచ్చిదానా? ఖాళీ సీసా తీసుకో. నేనూ సీసాతోనే కదా—”

“నువ్వు సీసాతో వత్తుతున్నావా? అంతమందికి?”

“నీళ్ళు మరుగుతున్నాయి. పెట్టేస్తున్నా.”

“పెద్దమ్మా, ఇవాళ ఎన్ని గుడ్లు కొట్టావు?”

“పొంగిపోతున్నాయి నీళ్ళు!”

“పొంగనీ. ఎన్ని గుడ్లు?”

“ఒకటి. ఒక్కటే. చాలా?”

“వాళ్ళేరీ?”

“వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో.”

“ఎప్పటినుంచి?”

“నువ్వు బస్సెక్కిన రోజు నుంచి.”

“నేనేమన్నా తప్పు చేశానా?”

“నువ్వెందుకు చేస్తావు? వాళ్ళ నాన్న పోయాక ద్రాక్షతోట పంపకాల్లో చెడింది ఇద్దరికీ. ఏళ్ళ తరబడి ఒకడి గడప ఒకడు తొక్కలేదు, ఒకడుంటాడని ఒకడు ఇక్కడికీ రాలేదు. ఇంతలో నువ్వొచ్చావు. పరాయి పిల్ల ఎదుట అమ్మ బల్ల చుట్టూ కుర్చీలు ఖాళీగా ఉంటే ఊళ్ళో తలెత్తుకోగలరా? వచ్చి కూర్చున్నారు.”

“అంటే అదంతా నా కోసం ఆడిన నాటకమా?”

“మొదట్లో నాటకమే. చేపల పాస్తా మీద చీజు వెయ్యకూడదని తెలియక నువ్వు తురిమావు చూడు, ఆ రోజు ఇద్దరూ ఒక్కసారిగా ‘వద్దు!’ అని అరిచారు. అన్నదమ్ములు ఒక్క మాట మీద ఉండటం మళ్ళీ అప్పుడే చూశాను. వంటింట్లోకి పోయి ఏడ్చాను.”

“చీజుకి ఏడ్చావనుకున్నాను! వారం రోజులు నీ కాళ్ళావేళ్ళా పడ్డాను కదా!”

“పడుతుంటే బాగుందని ఊరుకున్నాను.”

“అయితే నేనొస్తున్నాను. గది కురిస్తే కురవనీ. నేనొస్తే వాళ్ళూ వస్తారుగా?”

“వస్తారు. పరిగెత్తుకొస్తారు.”

“మరెందుకు వద్దంటావు?”

“నువ్వెళ్ళాక వచ్చిన మొదటి ఆదివారం అందరికీ సరిపడా పిండి కలిపానే. అలవాటైందేమో, వస్తారేమో అని. చీకటి పడేదాకా బల్ల దగ్గరే కూర్చున్నాను.”

“పెద్దమ్మా...”

“వచ్చి వెళ్ళిపోయేదానివైతే రావద్దు తల్లీ. ఉండిపోతానంటే చెప్పు, ఇద్దరికీ ఇప్పుడే ఫోన్ చేస్తాను.”